కీసరగుట్ట బండ, విరిగిన అక్షరాలు

శివరాత్రి జాతరకు కీసరగుట్ట ఎక్కినవారు రామలింగేశ్వరుణ్ణి దర్శించుకుంటారు, గుట్టమీద అక్కడక్కడ చెదిరి ఉన్న శివలింగాలకు మొక్కుతారు. కాశీనుండి లింగాలను మోసుకువచ్చేసరికి ముహూర్తం దాటిపోవడంతో, తాను లేకుండానే ప్రతిష్ఠ జరిగిందని అలిగిన హనుమంతుడు వాటిని విసిరివేశాడని స్థలపురాణం. కేసరి కుమారుని పేరున కేసరిగిరి అయి, అదే జనం నోట కీసర అయిందంటారు.

చాలామంది చూడకుండానే దిగి వచ్చేది మరొకటి ఆ గుట్టమీద ఉంది. ఒక బండమీద ఒకే ఒక్క మాట చెక్కి ఉంది. పండితులు దానిని 'తొలుచువాన్ఱు' అని చదివారు. తొలిచేవారు, అనగా రాతిపని చేసేవారు అని అర్థం చెప్పారు. అది క్రీ.శ. 5వ శతాబ్ది ప్రాంతానిదని, విష్ణుకుండినుల కాలానిదని అంచనా. తెలంగాణ నేలమీద దొరికిన అతి ప్రాచీనమైన తెలుగు మాటలలో దానిని ఒకటిగా లెక్కిస్తారు. 1970లలో పురావస్తుశాఖ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఇటుక కట్టడాల పునాదులు, కోటగోడ ఆనవాళ్ళు బయటపడ్డాయి. అంత కట్టడాన్ని కట్టించిన ప్రభువు ప్రశస్తి ఆ బండమీద లేదు. భూదానమూ లేదు, శాపవాక్యమూ లేదు. పని చేసినవారి వృత్తిపేరు మాత్రం ఉంది.

ఈ మాట గురించి నేను మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది ఒక కంప్యూటరు ఆట వలన. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. వాడు తెరమీద చదరపు దిమ్మలు పేర్చి కొండలు, కోటలు కట్టే ఆట ఆడుతూ ఉండేవాడు. ఆ ఆట పేరు అప్పటికి మైన్‌టెస్ట్. ఒక ఆదివారం వాణ్ణి కీసరగుట్టకు తీసుకువెళ్ళి ఆ బండ కథ చెప్పాను. తిరిగి వచ్చిన మరునాడే వాడు ఆ గుట్టను దిమ్మలతో కట్టడం మొదలుపెట్టాడు. మెట్లు వచ్చాయి, గుడి వచ్చింది, బండ కూడా వచ్చింది. బండ పక్కన ఒక పలక నిలబెట్టి 'తొలుచువాన్ఱు' అని రాయబోయాడు. మొదట ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటును వెదికి అమర్చుకున్న తరువాత అక్షరాలు వచ్చాయి గాని, గుణింతపు గుర్తులు హల్లులనుండి తప్పుకుని ఎటో నిలిచాయి. 'న' కింద ఒదగవలసిన వత్తు పూర్తి 'ఱ' అయి పక్కన కూర్చుంది, మధ్యలో పొల్లు వేలాడింది.

"మామా, అక్షరాలు గిట్ల విరిగినయేంది?" అన్నాడు వాడు.

వాడికి అప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత ఓపికగా తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఇందులో ఒక ఆట ఇంజను చరిత్ర ఉంది, దాని దోషాల కథ ఉంది, మన అక్షరాల కథ కూడా కొంత ఉంది.

*

బొమ్మలోని అతి చిన్న చుక్కను పిక్సెల్ అంటారని మీకు తెలుసు. పొడవు, వెడల్పులతోపాటు ఎత్తు కూడా ఉన్న చోట అటువంటి ప్రాథమిక దిమ్మను వాక్సెల్ అంటారు. ప్రపంచమంతా ఇటువంటి దిమ్మలే అయితే, ఆడేవాడు ఏ దిమ్మనైనా తవ్వి తీయవచ్చు, ఎక్కడైనా పెట్టవచ్చు. ఈ తరహా ఆటలకు దారి చూపినవాటిలో 'ఇన్ఫినిమైనర్' ముఖ్యమైనది. జాక్ బార్త్ అనే అమెరికన్ 2009 ఏప్రిల్‌లో దానిని విడుదల చేశాడు. ఆ ప్రోగ్రాము లోపలి సంకేతాలను దాచే ఏర్పాటు ఏదీ లేకపోవడంతో కొందరు దానిని తేలికగా విప్పి, తమకు తోచిన మార్పులతో దొంగ ప్రతులు తయారు చేశారు. ఒకరి ప్రతికి మరొకరి ప్రతితో పొత్తు కుదరలేదు. మోసపు ప్రతులతో ఆడేవారు ఎక్కువయ్యారు. విసిగిన బార్త్ దాని అభివృద్ధిని ఆపివేసి, మూలాన్ని అందరికీ ఇచ్చివేశాడు.

దాని స్ఫూర్తితోనే స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో 'మైన్‌క్రాఫ్ట్' తొలి రూపాన్ని విడుదల చేశాడు. అది జావా భాషలో రాసినది. దాని మూలం మూసి ఉంచబడింది. అయినా దానికి మార్పులు చేయాలనే తహతహ జనంలో ఎంతగా ఉండేదంటే, గజిబిజి చేసిన సంకేతాలను విప్పి, వాటికి మళ్ళీ పేర్లు పెట్టుకోవడానికే ప్రత్యేకమైన పనిముట్లు తయారుచేసుకున్నారు. ఆటకు ఇలా బయటివారు చేసే మార్పులను, చేర్పులను మాడ్ అంటారు. అసలు ఆటకు కొత్త రూపం వచ్చినప్పుడల్లా ఆ మాడ్‌లు చెడిపోయేవి, మళ్ళీ మొదటికి వచ్చేది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది.

ఈ రెండింటి తరువాతిది మన కథలోని ఇంజను. 2010 చివరలో ఫిన్లాండుకు చెందిన పెర్తు అహోలా, సెలెరాన్55 అనే మారుపేరుతో, ఇటువంటి ఆటను సి ప్లస్ ప్లస్‌లో తాను రాయగలడేమో చూద్దామని మొదలుపెట్టాడు. అది పరీక్ష కనుకనే పేరులో 'టెస్ట్' చేరింది. మూలాన్ని మొదటినుండీ బయట పెట్టాడు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఇంజనునే మార్చి పంచేవారు ఆ మార్పుల మూలాన్ని కూడా అదే షరతుమీద ఇవ్వాలి. ఇన్ఫినిమైనర్ తలుపును ఎవరో పగలగొట్టి లోపలికి వచ్చారు. ఇక్కడ ఇంటి యజమానే తలుపు తీసి, రాదలచినవారు పాటించవలసిన మర్యాదను గుమ్మంమీద రాసిపెట్టాడు. ఒకటి ఏడాది తిరక్కుండా చెదిరిపోవడానికి, మరొకటి పదిహేనేళ్ళు దాటి నిలవడానికి ఈ తేడాయే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది.

2011 చివరలో మరొక ముఖ్యమైన నిర్ణయం జరిగింది. దిమ్మల స్వభావాన్ని ఇంజనులోనుండి తీసి, లువా అనే చిన్న భాషకు అప్పగించారు. లువా 1993లో బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. ఇకపై రాయి అంటే ఏమిటి, దానిని దేనితో తవ్వాలి, తవ్వితే ఏమి రావాలి అన్నవి ఇంజను చెప్పదు. ఒక చిన్న పాఠ్యపు ఫైలు చెబుతుంది. ఇంజను దిమ్మలను దాచుతుంది, చూపుతుంది, ఆటగాళ్ళకు పంపుతుంది. తక్కినదంతా మాడ్‌ల పని. పదేళ్ళ పిల్లవాడు కూడా ఒక ఫోల్డరు తెరిచి, పది వరుసలు రాసి, 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు ఉన్న చిన్న బొమ్మను గీసి, తన ఊరి రాయిని ఆటలోకి తేగలడు.

2019లో 5.0 విడుదలతో పాత 0.4 వరుసకూ కొత్తదానికీ పొత్తు తెగిపోయింది. పాత ప్రతితో కొత్త సర్వరులో ఆడడం కుదరకపోయింది. 2024 అక్టోబరులో పేరు కూడా మారింది. ఇది ఒక ఆటకు నకలు కాదని, ఎన్నో ఆటలకు పీఠమని చెప్పుకోవడానికి 'లువాంటి' అని పెట్టుకున్నారు. ఫిన్నిష్ భాషలో సృష్టి అనే అర్థమున్న మాటను, లువా భాష పేరును కలిపి కట్టిన పేరు అది.

*

ఇక దోషాల సంగతి. దోషం చూస్తేనే కట్టడం లోపలి తీరు తెలుస్తుంది. పగిలిన గోడలోనే కదా ఇటుకల వరుస కనిపించేది!

ఈ ఇంజనులో ప్రతి దిమ్మ స్థానాన్ని 16 బిట్ల సంఖ్యతో గుర్తిస్తారు. అందులో ఇమిడేది ఒక వైపు 32,767 వరకు, మరొక వైపు 32,768 వరకు మాత్రమే. అందుకే ఆ ప్రపంచం ఏ దిక్కుకు నడిచినా సుమారు 31,000 దిమ్మల దూరంలో ముగుస్తుంది. దిమ్మను మీటరుగా లెక్కిస్తే 31 కిలోమీటర్లు. కీసరగుట్ట నడుమ నిలబడి నడిస్తే చార్మినారు దాటి కొంత దూరం పోవచ్చునన్నమాట. ఆ అంచును చూసి అది లోపమనుకునేవారు ఉన్నారు. తొలి రోజుల్లో జాగా పొదుపు కోసం చేసిన చిన్న ఎంపిక, తరువాత ఆ లోకానికి భూగోళమైంది.

మరొకటి వెలుగు దోషం. ప్రతి దిమ్మతోపాటు దాని వెలుగును కూడా అంకెగా రాసి దాచుతారు. పగటి వెలుగుకు 4 బిట్లు, రాత్రి దీపపు వెలుగుకు 4 బిట్లు. దీపం పెడితే పక్క దిమ్మకు ఒక మెట్టు తక్కువ, దాని పక్కదానికి మరొక మెట్టు తక్కువ, అలా వెలుగు పాకుతుంది. అయితే లోకాన్ని నిడివి, వెడల్పు, ఎత్తు పదహారేసి దిమ్మలుండే గదులుగా, అంటే ఒక్కొక్క గదికి 4,096 దిమ్మలుగా, విడగొట్టి దాచుతారు. పక్క గది ఇంకా జ్ఞాపకంలోకి రాకముందే వెలుగు లెక్క జరిగితే అది గది అంచున ఆగిపోయేది. మిట్టమధ్యాహ్నం పచ్చికమీద నల్లని చదరపు నీడ పడి ఉండేది. నెత్తిన ఏమీ లేదు, నీడ మాత్రం ఉంది. కొందరు అలాంటి చోట దిమ్మ తీసి మళ్ళీ పెట్టి నీడను పోగొట్టేవారు. కొందరు వెలుగును తిరిగి లెక్కించే ఆజ్ఞను మాడ్‌లో చేర్చారు. తరువాత వెలుగును పాకించే పద్ధతినే తిరగరాశారు, అటువంటి ఆజ్ఞ ఇంజనులోకే వచ్చి చేరింది. ఆటగాడి ఫిర్యాదు, మాడ్‌కర్త చిట్కా, ఇంజను సవరణ: ఈ మూడు మెట్లు ఈ ఇంజను చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

నాకు అన్నిటికన్న నచ్చినది 'తెలియని దిమ్మ'. ఒక మాడ్‌ను తీసివేస్తే, దానితో కట్టిన గోడలు మాయం కావు. వాటి స్థానంలో గుర్తు తెలియని దిమ్మలు నిలుస్తాయి. లోకపు పటంలో ఆ దిమ్మ అసలు పేరు భద్రంగానే ఉంటుంది, దాని అర్థం చెప్పేవారే ఉండరు. మాడ్ తిరిగి వచ్చిననాడు గోడ మళ్ళీ గోడ అవుతుంది. పేరు మారితే పాత పేరు ఫలానా కొత్త పేరుకు సమానమని ఒక్క వరుసలో చెప్పే ఏర్పాటు కూడా ఉంది. పదిహేను వందల ఏళ్ళు కీసరగుట్టమీద 'తొలుచువాన్ఱు' అన్న మాట ఇలాగే లేదూ? చెక్కిన గీత చెరగలేదు. చదివే మనిషి కోసం వేచి ఉంది.

*

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్నకు వద్దాము.

ఇంగ్లీషు మాటను తెరమీద చూపడానికి ఒక అక్షరం తరువాత ఒక అక్షరం బొమ్మ పేర్చితే చాలు. తెలుగుకు అది చాలదు. యూనికోడులో 'క్ష' అన్నది క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస. ఆ మూడింటినీ చూసి, ఫాంటులోని నియమాలు చదివి, ఒక్క రూపంగా మలిచే పని మరొక ప్రోగ్రాము చేయాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఈ పనికి హార్ఫ్‌బజ్ ప్రసిద్ధం. మైన్‌టెస్ట్‌లో ఆ మలిచే మెట్టు లేదు. ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మ తీసి పక్కపక్కన పెట్టేది. అందువలన అరబ్బీ, హీబ్రూ, హిందీ, కన్నడ, థాయ్ వంటి భాషలలోకి అనువాదాలు ఉన్నప్పటికీ, వాటిని సరిగా చూపలేమని చాలా ఏళ్ళు ఎంపికల పట్టికనుండి పక్కన పెట్టారు. మన లిపికి తోబుట్టువైన కన్నడం ఆ జాబితాలో ఉండడం గమనించండి. కన్నడానికి జరిగినదే తెలుగుకూ జరుగుతుంది.

మాడ్‌కర్తలకు మరొక కట్టుబాటు కూడా ఉంది. మాడ్ పేరులో చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే ఉండాలి. రాయికి తెలుగులో వర్ణన రాయవచ్చు గాని, దాని అసలు పేరు తెలుగులో ఉండడానికి లేదు.

మూసిన మూలం ఉన్న చోట ఇటువంటి దోషం ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అన్న అక్షరపు సంకేతాల మధ్య కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరిన సందేశం వస్తే ఐఫోన్లలోని అనువర్తనాలు కూలిపోయేవి. జ్ఞానంలోని మొదటి అక్షరమే గండమయిందని మనవారు నవ్వుకున్నారు, బయటివారు కొందరు తెలుగునే దోషిగా చూశారు. దోషం మలిచే ప్రోగ్రాములో ఉంది, బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకూ అదే గతి పట్టిందని తరువాత తేలింది. మూలం చూసే వీలు లేక బయటివారు చేయగలిగినది ఎదురుచూడడమే. అయితే ఆ ఎదురుచూపు ఎంతకాలం? కొద్ది రోజులే. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి దానిని సరిచేసింది.

ఇక్కడే నాకు చిక్కు ఎదురైంది. మూలం తెరిచి ఉంటే దోషాలు త్వరగా పోతాయని మనం చెప్పుకుంటాము. మూసిన సంస్థ రోజులలో సవరించింది. తెరిచిన ఇంజనులో లిపి దోషం ఏళ్ళ తరబడి ఉండిపోయింది. దీనికి నాకు తోచిన సమాధానం ఒకటే. ఆ సంస్థకు కోట్లమంది కొనుగోలుదారులు ఉన్నారు, వారి కోపం అంటే భయం ఉంది. ఈ ఇంజనుకు ఉన్నది దానిమీద చెయ్యి వేసేవారు మాత్రమే. వెలుగు దోషం పోయింది, ఎందుకంటే ఆ నల్లని నీడ అందరి పచ్చికమీదా పడింది. అక్షరాల దోషం మన పలకమీద మాత్రమే పడింది. తలుపు తెరిచే ఉంది. ఆ బాధ తెలిసినవారు గుమ్మం దాటి లోపలికి తగినంతమంది వెళ్ళలేదు.

వెళ్ళినప్పుడు ఏమి జరుగుతుందో మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 2000ల తొలి సంవత్సరాలలో తెలుగు పత్రికలు జాలంలో ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు వాడేవి. ఒక పత్రిక వార్తను నకలు తీసి మరొక చోట పెడితే పిచ్చిగీతలు వచ్చేవి, వెదికితే దొరికేవి కావు. వెన్న నాగార్జున అప్పుడు 'పద్మ' అనే ఉపకరణాన్ని రాశారు. అది మొజిల్లా విహరిణికి తగిలించే పొడిగింత, అంటే ఆటల భాషలో మాడ్. పత్రికల సొంత సంకేతాలను చదువుతూ ఉండగానే యూనికోడు తెలుగుగా మార్చి చూపేది. ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. తెరిచిన ఇంజనుకు తన భాష దోషాన్ని తానే సవరించుకునే తొడుగు తొడిగారు. ఆ పద్మ మూలంమీదనే వీవెన్ 2006లో 'లేఖిని'ని నిలబెట్టారు. ఇంగ్లీషు మీటలమీద తెలుగు రాయడం ఎందరో నేర్చుకున్నది అక్కడే. ఒకరి సవరణ మరొకరికి మెట్టు అయింది.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత పద్ధతి పొడిగింతలన్నీ ఆగిపోయాయి. అప్పటికి పత్రికలు చాలావరకు యూనికోడుకు మారాయి, పద్మ చేయవలసిన పని చేసివేసింది. మాడ్ ఆయుష్షు అంతే. దాని అవసరం తీరిపోవడమే దానికి మంచి ముగింపు.

తొలి శాసనాలలో 'వాన్ఱు' వంటి మాటలలోని ఆ పాత ధ్వనికి నేటి బండి 'ఱ' కన్న వేరుగా ఒక అక్షరం ఉండేదని చెబుతారు. దానికి యూనికోడులో చోటు లేదని తెలుగువారు కొందరు ప్రతిపాదన రాసి పంపారు. 2015లో 8.0వ రూపంలో ఆ అక్షరానికి స్థానం దొరికింది. వాడుకనుండి వెయ్యేళ్ళనాడు జారిపోయిన అక్షరానికి చోటు రావడానికి కావలసినది ఓపిక, ఆధారాలు, కొన్ని పుటల రాత.

*

ఆ వేసవిలో మేము ఇంజనును సవరించలేదు. అంత చదువు మా ఇద్దరికీ లేదు. వాడు ఒక మాడ్ రాశాడు. నేను తీసిన ఛాయాచిత్రం చూసి, ఒక్కొక్క అక్షరాన్ని 16 చుక్కల చదరంలో గీసి, అక్షరానికొక రాతి దిమ్మను తయారుచేశాడు. వాటిని వరుసగా పేర్చితే తెరమీది బండపైన ఆ మాట నిలబడింది. మాకు సంతోషం కలిగిన మాట నిజమే. కాని అది అక్షరాల బొమ్మ, అక్షరాలు కావు. వెదికితే దొరకదు, దిద్దితే మారదు. పద్మకు ముందు పత్రికల తెలుగు ఏ స్థితిలో ఉండేదో, వాడి బండమీది తెలుగు ఆ స్థితిలోనే ఉంది.

వాడిప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న ఫోను చేసి, హార్ఫ్‌బజ్ మూలాన్ని చదవడం మొదలుపెట్టానని, మొదటి వారం ఏమీ అర్థం కాలేదని చెప్పాడు. రెండవ వారం చూడమన్నాను. అటువంటి కట్టడాలలో పనిచేసినవారి పేర్లు మార్పు వెంట మార్పుగా ఒక చిట్టాలో నిలిచి ఉంటాయి. చాలామందివి మారుపేర్లే, ఊరూ పేరూ తెలియవు. కీసరగుట్ట బండమీద తమ పనిని మాత్రమే పేరుగా చెక్కుకుని వెళ్ళినవారు నాకు అప్పుడు గుర్తుకు వచ్చారు. మీరెప్పుడైనా ఆ గుట్ట ఎక్కితే, దర్శనం అయిన తరువాత ఆ బండ ఎక్కడుందో అడిగి, ఒకసారి చూసి రండి.